ఎర్రచేప ఈదిన ఇల్లు

కళ్ళు మూసుకుని తోక తడిమితే చాలు, అది ఏ చేపో చెప్పేస్తాను నేను. ఈ రేవు మొత్తం వెతికి నా అంతటి దాన్ని ఇంకొకర్ని చూపించు, చూద్దాం! ఒకే ఒక్క చేప దగ్గర మాత్రం బోర్లా పడ్డానులే. అది ఎక్కడో లోతుల్లో లేదు. పట్టపగలు, మా గుమ్మం మీదే ఈదింది. కాళ్ళు ఆడించకుండా పడుకో, చెబుతాను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఒక పిల్ల ఉండేది. అసలు పేరు వేరే ఉందిలే. ఎప్పుడు చూసినా గవ్వలేరుకుని ఒడి నింపుకొచ్చేదని అందరూ గవ్వ అనేవాళ్ళు.

గవ్వ వాళ్ళ నాన్న వేటకి పోతూ పోతూ ఒక మాటన్నాడు. "సముద్రంలోంచి చూస్తే మన వీధిలో ఇళ్ళన్నీ ఒక్కలాగే కనబడతాయే గవ్వా. ఈసారి పొరపాటున గురమ్మ ఇంట్లో దూరి అన్నం పెట్టమంటానేమో!"

గురమ్మంటే పక్కింటావిడ. అందరూ నవ్వారు. గవ్వ మాత్రం నవ్వలేదు. నిజమే అనుకుంది. పైగా గురమ్మ చేపల పులుసు అమృతమని ఊరంతా అంటారు. నాన్న ఒకసారి రుచి మరిగితే ఇంక ఇంటికొస్తాడా?

అప్పుడు బళ్ళో హైమావతి టీచరు ఒక బొమ్మ చూపించింది. "జపాను అని ఒక దేశం ఉంది పిల్లలూ. వసంతం వచ్చిందంటే అక్కడ పిల్లలున్న ఇళ్ళ మీద గుడ్డ చేపలు ఎగరేస్తారు. ఏటికి ఎదురీదే చేపలాగా పిల్లలు గట్టిగా పెరగాలని."

ఆ తర్వాత పిల్లలంతా గులాబీరంగు కాగితం చించి, సరుగుడు కొమ్మకి ఆ బొమ్మలో ఉన్నలాంటి జపాను పూలు అంటించారు. సగం పూలు కొమ్మకి, సగం జుట్టుకి! గవ్వకి పూల మీద ధ్యాస లేదు. మా ఇంటి మీద చేప ఎగిరితే నాన్న దారి తప్పడు కదా అనుకుంది.

మొదట కాగితం చేప చేసింది. మైదా ఉడికించి జిగురు కాచింది. చేపని పెరట్లో కట్టి పడుకుంది. ఆ రాత్రి సముద్రం మీంచి మంచు కురిసింది. పొద్దున్నే చూస్తే చేప లేదు, కింద ఒక జావముద్ద ఉంది.

ఆ తర్వాత పిండిసంచి కత్తిరించి గుడ్డ చేప కుట్టింది. గెడకి ఎగరకట్టింది. గాలి వీచింది. చెట్లూగాయి. చేప మాత్రం తల కిందికేసుకుని అలా వేలాడుతూనే ఉంది. ఎందుకో తెలుసా? దాన్ని తోకకి కట్టింది మరి! మన వీధిలో చేపని ఎండబెట్టాలంటే తోక పట్టి వేలాడదీయడమే కదా. చేతులకి అదే అలవాటు. గవ్వే కాదు, గవ్వని చూసి చేపలు కుట్టిన వీధి పిల్లలందరూ అలాగే కట్టారు.

గురమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏమే గవ్వా! ఇంకో రెండెండలు తగిలితే వంకాయలో వెయ్యడానికి పనికొస్తుందే!"

అంతలో పిల్లి గెంతి చేపని లాక్కుపోయింది. గవ్వ ఏడుపు ఇంతా అంతా కాదు. తెల్లారితే పడవలు వచ్చేస్తాయి మరి!

అప్పుడు ముక్కు చీదుకుంటూ తలెత్తి చూసింది. దండెం మీద వాళ్ళమ్మ ఎర్ర లంగా ఆరుతోంది. గాలి నడుము దగ్గర దూరింది, లంగా బుస్సున పొంగింది. ఓహో! గాలి నోట్లోంచి పోవాలన్నమాట!

ఇంక ఆగుతుందా? చప్పుడు కాకుండా లంగా దించింది. నాడా వదులు చేసి, విరిగిన జల్లెడ బద్ద లోపల పెట్టి గుండ్రటి నోరు చేసింది. రెండు గవ్వలు కుట్టి కళ్ళు పెట్టింది. బెండకాయ అడ్డంగా కోసి, సున్నంలో ముంచి, పొలుసులు అద్దింది. కింది కుచ్చులు ఎలాగూ తోకలాగే ఉన్నాయి. ఈసారి నోటికి తాడు కట్టి గెడకి ఎగరేసింది.

పొద్దున్నే వీధంతా ఒడ్డుకొచ్చి వెనక్కి తిరిగి చూస్తే ఏముంది! తల వేలాడేసిన చేపల మధ్య ఒక్క ఎర్రచేప, గాలికి ఎదురుగా నోరు తెరిచి, తోకాడిస్తూ ఈదుతోంది. ఆడవాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళమ్మయితే మరీను. "ఎవరిచ్చారో గానీ, గుడ్డ మహా నాణ్యమైంది! మా గవ్వ చేసింది, చూశారా?" అని ఒకర్ని వదలకుండా చూపించింది.

అప్పుడు పడవ ఒడ్డు తగిలింది. గవ్వ వాళ్ళ నాన్న మోకాటిలోతు నీళ్ళలోకి దూకి గవ్వని భుజాలకెత్తుకున్నాడు.

"మనిల్లు పోల్చావా నాన్నా?"

"పోల్చక? అల్లంత దూరాన్నుంచే పోల్చాను. తిరనాళ్ళలో ఆ లంగా బేరమాడింది నేనే కదే!"

ఒడ్డంతా గొల్లున నవ్వింది. వాళ్ళమ్మ కొంగులో మొహం దాచుకుని ఒకటే పరుగు! గవ్వేమో నాన్న భుజాల మీంచి, "అటు కాదు నాన్నా, ఇటు!" అంటూ గురమ్మ ఇల్లు దాటేదాకా ఆయన చెవులు వదల్లేదు.

ఏంటలా చూస్తావు? ఆ గవ్వ ఎవరనుకున్నావు? వంటింట్లో గిన్నెలు సర్దుతోందే, మీ అమ్మ! మరి సొంత లంగాని పోల్చుకోలేక ఊరందరికీ చూపించుకున్న ఆ మహాతల్లి... సరే, నేనే. ఇంకోటి కూడా చెప్పేస్తాను. నీ బుగ్గ కింద బొంతలో ఎర్ర ముక్క ఉందే, ముద్దుగా ఉందని రోజూ నువ్వు నిమురుతావే, అది ఆ లంగానే. "ఛీ" అనకు! సున్నం పొలుసులు ఇంకా లీలగా ఉన్నాయి, చూడు.

కథేమో కంచికి,
చేపేమో మింటికి,
నాన్నేమో ఇంటికి,
నిద్దరేమో నీ కంటికి!