బయటి నుంచి పంపిన తరంగాలు

మా ఆయనంటే నాకు ఇష్టం. పెళ్ళై రెండేళ్ళయినా ఈ మాట పైకి అనలేదు. మాది మైకుసెట్ల ఇల్లు. ఇక్కడ గొంతు పెగిలితే వీధంతా వింటుంది.

మావయ్య అప్పలకొండ గారికి ఒకటే గర్వం. ఊళ్ళోవాళ్ళు సగం వింటారట, మనం మాత్రం పూర్తిగా విని చెప్పింది చెప్పినట్టు చేస్తామట.

మా ఆయన సన్యాసిరావుకి మగతనం విషయంలో ఇబ్బంది. నన్ను వెంటబెట్టుకుని అనకాపల్లిలో డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఇది సిగ్గుపడాల్సిన జబ్బు కాదన్నారాయన. మాత్రయితే గంట ముందు వేసుకోవాలి, మనసులో ఇష్టం ఉంటేనే పనిచేస్తుంది. రెండోది తరంగాల వైద్యం. మెషీనుతో శబ్ద తరంగాలు బయటి నుంచే పంపుతారు, కోత ఉండదు. కానీ దాని గుణం ఎంతో ఇంకా తేలలేదు. ఇంట్లో మాట్లాడుకుని చెప్పమన్నారు.

అంతే. ఇంటికి రాగానే మా ఆయన వాళ్ళమ్మనీ నాన్ననీ చాప మీద కూర్చోబెట్టి అంతా మాట్లాడేశాడు. నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అత్తయ్య మాత్రవైపు. దేనికి గంట ముందో డాక్టరు చెప్పలేదు గనక అన్నానికి గంట ముందు వేయించింది. ఇష్టం ఉండాలన్నారుగా, అందుకని గుత్తివంకాయ వండింది.

"ఏరా, గుణం కనిపించిందా?"

"కనిపించిందమ్మా. ఇంకాస్త కూర ఉందా?"

మావయ్య పెదవి విరిచాడు. శబ్దం బయటి నుంచి పంపడానికి డాక్టరెందుకు, మండలంలో మనకన్నా పెద్ద సౌండు పెట్టెలు ఎవరికున్నాయన్నాడు. ఇంకేముంది, మా ఆయన్ని గదిలో కూర్చోబెట్టి, కిటికీ బయట నాలుగు పెట్టెలు పేర్చి మీట నొక్కాడు. కిటికీ అద్దాలు రాలాయి. పక్కింటి గేదె తాడు తెంపుకుంది. ఏమైందని జనం పరిగెత్తుకొస్తే, సిగ్గుపడాల్సిన జబ్బు కాదు గనక, మావయ్య మైకులోనే వివరంగా చెప్పాడు.

మా ఆయన ఎవరి మొహమూ చూడకుండా పెట్టెలు ఆటోకెత్తుకుని మాడుగుల పెళ్ళికి బయల్దేరాడు. గుమ్మంలో ఆగాడు.

"రాత్రి మాత్ర పనిచెయ్యలేదంటే నీకు నేనంటే ఇష్టం లేదనే కదా. మీ పుట్టింటికెళ్ళిపో."

మా ఇంట్లో అన్న మాట జరగాల్సిందే. అత్తయ్య అప్పుడే నా చీరలు సంచిలో సర్దుతోంది.

వీళ్ళకి తెలివి లేకపోతే నాకూ లేదా? ఇష్టముందని చెబితే చాలు, సంచి విప్పేస్తారు. పందిట్లో పాటలొచ్చేది అతని ఫోనులోంచే, అది పెట్టెలకి తగిలించే ఉంటుంది. ఆ గోలలో నా గొంతు అతనికి వినపడదేమోనన్న భయం లేదు. అతను పందిరి చేరి పాటలు పెట్టగానే ఫోను చేసి, మాత్ర సంగతి, తరంగాల సంగతి, నా ఇష్టం సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేస్తాను.