ఇరుకులోయ ఎముకలు

మేఘగిరి పాదాన సాలవనమనే అడవి ఉండేది. దుప్పులు, నెమళ్ళు, కొండముచ్చులు, కుందేళ్ళు అందులో నివసించేవి. ఒక ఏడు వేసవి ముదిరి గడ్డి మాడిపోయింది. దుప్పుల మందకు మేత కరువైంది. పచ్చిక మిగిలినది ఇరుకులోయలోనే. కాని అక్కడ పూర్వకాలపు దుప్పుల ఎముకలు గుట్టలుగా పడి ఉండేవి. అందుచేత తరతరాలుగా అటు ఎవరూ అడుగు పెట్టలేదు.

మందకు నాయకుడు వీరశృంగుడు. విశాలమైన కొమ్ములవాడు, అంతకు మించిన గర్వం కలవాడు.

"గడిచిన కాలమంతా బలవంతులకూ బలహీనులకూ నడుమ సాగిన పోరాటమే. ఈ ఒక్క మాట తెలిస్తే చరిత్రంతా తెలిసినట్టే. మన పూర్వులను రేచుకుక్కలు చంపాయి. అవి ఏనాడో ఈ అడవి విడిచిపోయాయి. ఇక లోయలో భయమేమి?" అన్నాడు.

తరళ అనే ముసలి దుప్పి తల ఊపలేదు. "నాకు తోచింది వేరు నాయనా. లోకాన్ని నడిపేది ఆకలి. వాళ్ళు కరువుతో పోయారనుకుంటాను. అయినా ఒకసారి చూసి వద్దాం" అంది.

మంద అంతా లోయ అంచుకు వెళ్ళింది. రాతిగోడ మీద, ఏనుగు వీపుకన్నా ఎత్తున, ఒక పగులులో దుప్పి పుర్రె ఇరుక్కుని ఉంది. దాని పక్కనే రేచుకుక్క పుర్రె. రెంటినీ పెనవేసుకుని ఎండిన చెట్ల వేళ్ళూ, గట్టిపడిన ఒండ్రుమట్టీ ఉన్నాయి.

తరళ మెడ చాచి వాటిని పరీక్షగా చూసింది. "నేను పొరబడ్డాను. కరువు పుర్రెను అంత ఎత్తుకు మోయదు."

"మోసింది రేచుకుక్కే!" అన్నాడు వీరశృంగుడు.

"మరి రేచుకుక్కను మోసిందెవరు నాయనా?"

"మన వీరులు కొమ్ములతో ఎగరేసి ఉంటారు."

"ఒండ్రుమట్టిని కూడా ఎగరేశారా?"

వీరశృంగుడు నవ్వాడు. "అవ్వా, నీ పళ్ళతోపాటు ధైర్యమూ ఊడిపోయింది. మట్టిని చూసి బెదిరేవాళ్ళు గట్టునే ఉండి ఎండుబెరడు నమలండి!"

తరళ మందవైపు తిరిగింది. "వేటగాణ్ణీ వేటనూ ఒక్కటిగా మోసుకుపోయింది నీరే. కొండమీద వాన పడితే ఈ ఇరుకులో తప్పుకునే చోటుండదు."

పిల్లతల్లులు ఆమెతో గట్టున నిలిచారు. తక్కినవారు ఆకలికి ఓర్వలేక నాయకుని వెంట దిగారు.

ఒక మధ్యాహ్నం మేఘగిరి శిఖరం నల్లబడింది. లోయలో చినుకైనా పడలేదు. కాని నేల అదిరింది.

"పైకి ఎక్కండి! త్వరగా!" గట్టు మీదినుంచి తరళ కేక వేసింది.

కొందరు ఎక్కగలిగారు. వీరశృంగుడు మాత్రం శత్రువే వచ్చాడనుకున్నాడు. కొమ్ములు వంచి, లోయ ముఖద్వారంవైపు తిరిగి, ధీరంగా నిలిచాడు. నీరు వెనుకనుంచి, కొండవైపునుంచి వచ్చింది.

వరద తీశాక అదే పగులులో అతని కొమ్ములు కనిపించాయి. మంద తలలు వంచి నిలిచింది.

"అవ్వా, రేపటివాళ్ళు వీటిని చూసి ఏమనుకుంటారు?" అని ఒక పడుచు దుప్పి కన్నీళ్ళతో అడిగింది.

"తాము ముందే నమ్మినదాన్నే అనుకుంటారు తల్లీ. అందుకే, ఆ మట్టిని కూడా చూడమని మనం చెప్పిపోవాలి."

నీతి: సిద్ధాంతం లేనిదే గతం అర్థం కాదు, కాని ఆనవాళ్ళకు తలవంచని సిద్ధాంతం గతాన్నీ కప్పేస్తుంది, రానున్న ఆపదనూ కప్పేస్తుంది.