ముంగిస రెండు కాళ్ళ మీద ఎందుకు నిలబడుతుంది?

ఒకప్పుడు ముంగిసలకు లేచి నిలబడటం తెలీదు. ముక్కు నేలకు ఆనించి, ఒకదాని తోక వెనక ఒకటి నడిచేవి. తల పైకెత్తి చూసే ముంగిస ఒక్కటీ లేదు.

ఆ రోజుల్లో ఒక వాగు దగ్గర, ఎత్తైన రెల్లుగడ్డిలో, ఒక ముంగిసల కుటుంబం ఉండేది. ఇంటికి పెద్ద తంగేడవ్వ. ఆమె కోడలు మంకెన. మంకెనకు ముగ్గురు కొడుకుల తర్వాత ఒక కూతురు. పేరు జీలుగు.

తంగేడవ్వ చిన్నతనంలో ఆమె తమ్ముణ్ణి గద్ద తన్నుకుపోయింది. "తల ఎత్తాడు, పోయాడు" అని అవ్వ రోజూ చెప్పేది. అందుకే ఆ ఇంట్లో తల ఎత్తడం పెద్ద తప్పు.

జీలుగు మాత్రం కళ్ళు తెరిచిన నాటినుంచీ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది.

"చీమలు బారులు తీరి ఎక్కడికి పోతున్నాయి? గాలి వస్తే గడ్డి ఎందుకు గుసగుసలాడుతుంది?"

"దీని నోరు పుట్ట, మాటలు చీమలు!" అని అన్నలు నవ్వేవాళ్ళు.

మంకెన నవ్వేది కాదు. కసిరేదీ కాదు. తెలిస్తే చెప్పేది. తెలీకపోతే, "నాకూ తెలీదమ్మా. నువ్వు చూసొచ్చి చెప్పు, నేనూ నేర్చుకుంటా" అనేది. అంతే, జీలుగు చీమల వెంట పరుగెత్తేది. అవి ఎక్కడ దూరాయో, ఏం మోసుకెళ్ళాయో అన్నీ చూసొచ్చి, పూసగుచ్చినట్టు చెప్పేది. మంకెన పని ఆపి మరీ వినేది.

ఒకరోజు జీలుగు అడిగింది. "అమ్మా, ఈ గడ్డి పైన ఏముంది?"

మంకెనకు గద్ద గుర్తొచ్చింది. కానీ పిల్ల కళ్ళలోకి చూస్తే వద్దనడానికి నోరు రాలేదు. చెవులు రిక్కించి విన్నది. రెక్కల చప్పుడు ఎక్కడా లేదు.

"నా వీపెక్కి చూడు. గద్ద కనబడిందా, వెంటనే దూకెయ్" అంది.

జీలుగు ఎక్కింది. దబ్బున పడింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది. పడీ పడీ, చివరికి తోకను వెనక ఆనించి, వెనక కాళ్ళ మీద నిటారుగా నిలబడింది.

"అమ్మా! పైన ఎంత చోటుందో! వాగు మన చుట్టూ వంకర తిరిగి పోతోంది. ఇంకో పక్క తాటిచెట్లు. వాటి వెనక కొండ!"

"కొండా? ఎలా ఉంటుందే అది?"

"పడుకున్న దున్నపోతులా ఉందమ్మా!"

ఆ మాటలు తంగేడవ్వ చెవిన పడ్డాయి. పరుగున వచ్చింది.

"పిల్లదానికి నేర్పాల్సింది ఇదేనా మంకెనా? గద్ద ముక్కుకు ఎరగా పెడతావా?"

మంకెన అత్తకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. "గద్దంటే నాకూ భయమే అత్తా. కానీ పైన ఏముందో చూడనివాళ్ళకు గద్ద మాత్రం ఎలా కనబడుతుంది?"

అవ్వ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. జీలుగు రోజూ వీపెక్కుతూనే ఉంది. కొన్నాళ్ళకు వీపు అక్కర్లేకుండానే నిలబడటం నేర్చుకుంది.

ఎండాకాలం వచ్చింది. రెల్లుగడ్డి ఎండి గలగలలాడుతోంది. ఒక మధ్యాహ్నం ఎక్కడో నిప్పు రాజుకుంది. గడ్డంతా పొగ కమ్మేసింది.

"నా వెనకే రండి!" అని తంగేడవ్వ ముక్కు నేలకు ఆనించి పరుగు తీసింది. అందరూ వెంటపడ్డారు. కానీ పొగలో ముక్కులు ఏం పనిచేస్తాయి? ఎటు పోయినా ఒకటే వాసన. అవ్వ గిర్రున తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది.

"మంట ఏ వైపు ఉంది?" అని అడిగింది జీలుగు.

"ఇప్పుడా నీ ప్రశ్నలు!" అని అన్నలు అరిచారు.

"అడగాల్సింది అదే" అంది మంకెన. "చూడు తల్లీ!"

జీలుగు లేచి నిలబడింది. పొగకు కళ్ళు మండుతున్నాయి. అయినా రెప్ప వాల్చలేదు. తాటిచెట్ల వైపు నుంచి మంట ఎర్రగా ఎగసి వస్తోంది. ఎదురుగా వాగు, దాని ఒడ్డున తడి ఇసుక. పైన గద్ద! పారిపోయే జంతువుల కోసం కాచుకుని ఉన్నట్టుంది, రెక్కలు ముడిచి రివ్వున దిగింది.

చూసింది కాబట్టే జీలుగు తప్పించుకుంది. చటుక్కున గడ్డిలోకి వాలిపోయింది. గద్ద గోళ్ళకు నాలుగు గడ్డిపోచలే చిక్కాయి.

"వాగు ఇటు! నా వెనకే రండి!"

అందరూ ఆమె వెంట పరుగెత్తారు. మధ్యలో మూడుసార్లు ఆగి, లేచి చూసింది. మూడుసార్లూ దారి సరిచేసింది. మంట వాగు ఒడ్డు చేరేసరికి అందరూ నీళ్ళు దాటి అవతలి ఇసుకలో ఉన్నారు. ఒక్కరూ తగ్గలేదు.

వాగులో నిలబడ్డ కొంగ ఇదంతా చూసింది. "ఎవరి పిల్లమ్మా ఇది? ఇంత చక్కగా దారి చూపించింది!" అంది.

మంకెన నోరు తెరిచేలోపే తంగేడవ్వ గొంతు ఖంగుమంది.

"నా మనవరాలు! మా మంకెన కూతురు!"

మంకెన మసి పట్టిన కూతురి ముఖాన్ని నాకి శుభ్రం చేసింది. ఆనందంతో ఆమె తోక కుచ్చులా విచ్చుకుంది.

కాసేపటికి అవ్వ మెల్లగా మనవరాలి పక్కకు జరిగింది. "ఏమే, ఆ నిలబడటమేదో నాకూ నేర్పుతావా?"

"తోక వెనక ఆనించు అవ్వా. భయపడకు, నేను పట్టుకుంటా."

ముసలి ముంగిస ఊగుతూ లేచింది. పక్కనే మంకెన, ఆ పక్కన అన్నలు ముగ్గురూ లేచారు. ఇసుకలో వరసగా నిలబడి, రొమ్ములు విరిచి, నాలుగు దిక్కులూ చూశారు.

అప్పటినుంచే ముంగిస నడుస్తూ నడుస్తూ టక్కున ఆగుతుంది. రెండు కాళ్ళ మీద లేచి, మెడ నిక్కించి, చుట్టూ ఏముందో తన కళ్ళతో చూసుకున్నాకే ముందుకు అడుగు వేస్తుంది.