దీనమ్మ సొరబుర్ర

దగ్గరికి జరగండి, చెబుతాను. ఇది మన తాతల తాతలు కూడా పుట్టని నాటి మాట. అనగనగా ఒక మెట్టసీమ. ఆ సీమలో వాన తక్కువ, రాళ్ళు ఎక్కువ. ఆ రాళ్ళ నడుమ కొత్తమిట్ట అనే ఊరు. ఆ ఊరి చివర గూడెంలో దీనమ్మ అనే ముసలమ్మ ఉండేది.

దీనమ్మకు మొగుడు లేడు, బిడ్డలు లేరు, పొలం పుట్రా ఏమీ లేవు. తెల్లారి లేచి వాగొడ్డున ఈతాకు కోసుకొచ్చేది. ఎండబెట్టేది, చీల్చేది, చీపుర్లు కట్టేది. ఆ మోపు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది. చీపురుకు చారెడు జొన్నలు పెడితే తెచ్చుకుని కాచుకు తాగేది. అదీ ఆమె బతుకు.

కొత్తమిట్ట గూడెంలో ఒక తాటాకు పాక ఉండేది. అందులో ఆదివారం పూట సంఘం కూడేది. దాన్ని నడిపే ఉపదేశి పేరు గమలియేలు. చదువుకున్నవాడు, మెత్తని మనసు. దీనమ్మకు చదువు రాదు. ఆమెకు వచ్చినవి మూడే మూడు. ఒక ప్రార్థన వచ్చు. ఒక పాట వచ్చు, అదీ పల్లవి వరకే. అందరూ చరణం పాడుతుంటే ఆమె మాత్రం పల్లవే పాడుతూ కూర్చునేది, ఎవరేమనుకున్నా సరే. ఇక మూడోది ఒక కథ. ప్రభువు ఎండన పడి నడిచి నడిచి, అలిసిపోయి, బావి గట్టున కూర్చుని, తనవాళ్ళెవరూ నీళ్ళు ముట్టని ఒక ఆడమనిషిని దాహమడిగిన కథ.

ఆ కథ ఎన్నిసార్లు విన్నా దీనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

"అంతటి దేవుడికి దాహమేసిందంట! మనబోటిదాన్ని అడిగాడంట!" అనేది.

ఒక వేసవిలో దీనమ్మ చీపుర్ల మోపుతో రేగుచెలక గూడేనికి పోయింది. ఆ ఊళ్ళో సంఘం లేదు. ప్రభువు పేరు విన్నవాళ్ళు లేరు. ఆమె బోధించడానికేం పోలేదు, చీపుర్లమ్ముకోవడానికి పోయింది. నాలుక పిడచగట్టుకుపోతే మొదటి గడప ముందు నిలబడింది.

"అమ్మా, దాహం. గుక్కెడు నీళ్ళు పొయ్యండి."

ఆ ఇంటి ఇల్లాలు బిత్తరపోయింది. ఆమె పుట్టి బుద్ధెరిగాక బయటి మనిషి ఎవరూ ఆమెను నీళ్ళడగలేదు.

"మా చేతి నీళ్ళు తాగుతావా అవ్వా?"

"మీ చేతివే తాగుతా తల్లీ."

దోసిలి పట్టి కడుపారా తాగింది. "నీ కడుపు చల్లగుండ," అని దీవించి పోయింది. మరుసటి వారం మళ్ళీ వచ్చి ఆ గడప ముందే నిలబడి ఆ మాటే అడిగింది. మూడో వారం ఆమె వచ్చేసరికి గడప ముందు ముంత నిండుగా ఉంది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి కూర్చుని ఉన్నారు.

"ఎవరవ్వా నువ్వు? మా నీళ్ళంటే నీకంత ఇష్టమేంది?" అని అడిగారు.

అప్పుడు చెప్పింది ఆ ఒక్క కథ. పాడింది ఆ ఒక్క పల్లవి. చేసింది ఆ ఒక్క ప్రార్థన. తొలకరి పడేనాటికి ఏడిళ్ళవాళ్ళు ఆదివారం ఒకచోట కూర్చోవడం మొదలెట్టారు. ఉపదేశి వచ్చి బాప్తిస్మాలిచ్చాడు. పాక లేచింది. జనం దీనమ్మను ముందు కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. మోపులోంచి కొత్త చీపురొకటి తీసి, తనకు మొదట నీళ్ళు పోసిన ఇల్లాలి చేతిలో పెట్టింది.

"ఇక ఈ పాక ఊడ్చుకునేది నువ్వే తల్లీ," అంది. మోపు నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

కొత్తమిట్ట సంఘం పొంగిపోయింది. ముసలమ్మ ఒక ఊరు లేపింది, ఇంకో ఊరు పంపుదామనుకున్నారు. ఈసారి ఎండన పడి మాడకూడదని ప్రేమగా మూడు వస్తువులిచ్చారు. ఎండకు తాటాకు గొడుగు. ఆకలికి సజ్జరొట్టెల మూట. దాహానికి సొరబుర్ర నిండా నీళ్ళు. బాగా ఎండిన సొరకాయను తొలిచి, మెడకు తాడు కట్టి, గమలియేలు స్వయంగా తన చేత్తో చేసిచ్చాడు.

దీనమ్మ తుమ్మలబయలు గూడేనికి పోయింది. మొదటి గడప ముందు నిలబడింది.

"నీళ్ళు కావాలా అవ్వా?" అని లోపల్నించి అడిగారు.

"వద్దమ్మా, తెచ్చుకున్నా."

"గంజి తాగుతావా?"

"వద్దమ్మా, రొట్టెలున్నాయి."

"ఎండగా ఉంది, నీడన కూర్చుంటావా?"

"వద్దమ్మా, గొడుగుంది."

చీపురు తీసుకున్నారు, జొన్నలు పోశారు, తలుపేసుకున్నారు. మొదటి వారం అంతే. రెండో వారం అంతే. మూడో వారమూ అంతే. ఏం తప్పు చేశానో దీనమ్మకు పాలుపోలేదు. తిరిగొచ్చే దారిలో ఒక రాయి మీద కూలబడి బుర్ర మూత తీసింది. నీళ్ళ వంక చూసింది. అప్పుడు తెలిసింది ఆమెకు.

"ఓసి పిచ్చిదానా! దాహం లేనిదానివి, వాళ్ళ గడప ముందు నిలబడే పనేముందే నీకు?" అని తన్ను తాను తిట్టుకుంది.

నీళ్ళు అక్కడే తుమ్మచెట్టు మొదట్లో పారబోసింది. రొట్టెలు మేకలు కాసేవాళ్ళకిచ్చింది. గొడుగు తెచ్చి ఉపదేశి చూరులో దోపింది. బుర్ర మాత్రం ఉంచుకుంది, ఖాళీది. నాలుగో వారం పోయి ఖాళీ బుర్ర చాచింది.

"అమ్మా, దాహం. గుక్కెడు నీళ్ళు పొయ్యండి."

తలుపు తెరుచుకుంది. తర్వాత జరిగింది మీకు తెలిసిందే. అదే కథ, అదే పల్లవి, అదే ప్రార్థన. ఏడాది తిరిగేసరికి తుమ్మలబయల్లో పాక లేచింది. అక్కడా ఒక చీపురు ఒక ఇల్లాలి చేతికిచ్చి వచ్చేసింది.

గమలియేలుకు మాత్రం ఇది మింగుడు పడలేదు. "ఖాళీ చేతుల్తో పోతే ఎట్లా అమ్మా? మనం వాళ్ళకు ఏదో ఒకటి ఇవ్వొద్దా?" అన్నాడు.

"ఇచ్చేదానిలాగా పోతే చెయ్యి చాపి తీసుకుని పంపేస్తారు అయ్యగారూ. అడిగేదానిలాగా పోతే ఇంట్లోకి రమ్మంటారు. మన ప్రభువు చేసింది అదే గదా," అంది దీనమ్మ. 

ఇక మూడో ఊరు. దాని పేరు నక్కలదిన్నె. అసలు కథ ఇక్కడుంది.

నక్కలదిన్నెలో రెండు గూడేలు. ఒకటి ఎగువ గూడెం, ఒకటి దిగువ గూడెం. నడుమ బండి పట్టేంత సందు. పెద్ద ఊరివాళ్ళు ఈ ఇద్దరినీ తమ బావి దగ్గరికి రానివ్వరు. ఇద్దరిదీ ఒకటే ఎండ, ఒకటే కూలి. అయినా ఎగువవాళ్ళ నీళ్ళు దిగువవాళ్ళు ముట్టరు, దిగువవాళ్ళ నీళ్ళు ఎగువవాళ్ళు ముట్టరు. ఎవరి చెలమ వాళ్ళదే. చివరికి చచ్చినవాళ్ళను పూడ్చే చోటు కూడా ఎవరిది వాళ్ళదే.

గమలియేలు ఆ ఊరి సంగతి వాకబు చేసి వచ్చాడు. "రెండు పాకలు వేద్దాం. గుంజలు కొట్టిస్తాను. సందుకు ఆ పక్కొకటి, ఈ పక్కొకటి. ముందు రెండు సంఘాలూ నిలబడనీ, తర్వాత కలుపుదాం," అన్నాడు.

దీనమ్మ తన కాళ్ళ వంక చూసుకుంది. ఆ వేసవికి ఆమె కాళ్ళు నీరు పట్టాయి. పది అడుగులేస్తే ఆయాసం. తనకు ఎక్కువ రోజులు లేవని ఆమెకు తెలుసు.

"అయ్యగారూ, నాకొచ్చింది ఒక్కటే కథ. నీళ్ళు ముట్టనివాళ్ళను దేవుడు నీళ్ళడిగిన కథ. రెండు పాకలు వేస్తే ఆ కథ నేను ఏ పాకలో చెప్పను? ఏ మొగం పెట్టుకుని చెప్పను?"

"నువ్వు ఉండగా వాళ్ళు కలవరమ్మా," అన్నాడు ఉపదేశి బాధగా.

"అడిగి చూస్తా," అంది ఆమె.

ఖాళీ బుర్ర పట్టుకుని నక్కలదిన్నెకు పోయింది. ఎగువ గూడెంలో మొదటి ఇల్లు గురవమ్మది.

"అమ్మా, దాహం. సగం బుర్ర నీళ్ళు పొయ్యండి."

"సగమేంది అవ్వా, నిండా పోస్తా పట్టు."

"సగం చాలు తల్లీ."

గురవమ్మ పోసింది. దీనమ్మ తాగలేదు. సందు దాటి దిగువ గూడెంలో మొదటి ఇంటికి పోయింది. ఆ ఇల్లు సుబ్బులుది.

"అమ్మా, దాహం. తక్కిన సగం పొయ్యండి."

సుబ్బులు ముంత తెచ్చి ఆగింది. "బుర్రలో ఉన్నయి ఎవరియ్యి?"

"ఎదురింటి గురవమ్మ పోసినయి."

సుబ్బులు ముంత వెనక్కి తీసుకుంది. "అయ్యి పారబొయ్యి. నిండా నేను పోస్తా. ఆళ్ళ నీళ్ళల్లో మా నీళ్ళు కలపను."

అది విని గురవమ్మ తన గడప మీది నుంచే అరిచింది. "ఆళ్ళ నీళ్ళు కలుపుతావని తెలిస్తే నీకు చుక్క పోసేదాన్ని కాను! ఇంతకీ నువ్వు ఏ గూడెం దానివే ముసలీ?"

"చీపుర్లమ్మేదాన్ని తల్లీ. నాకు దాహమేస్తంది," అంది దీనమ్మ. ఎవరినీ ఒక్క మాట అనలేదు. సందు నడుమ కూర్చుంది. పొద్దు వాలాక లేచి, సగం బుర్రతో కొత్తమిట్టకు నడిచి వచ్చింది.

రెండో వారం పోయింది. గురవమ్మ కసురుకుంటూనే సగం పోసింది. సుబ్బులు తలుపు తియ్యలేదు. దీనమ్మ సందులో కూర్చుని ఆ ఒక్క పల్లవే పాడుకుంది. రెండు గూడేలవాళ్ళూ గోడల చాటు నుంచి విన్నారు. సుబ్బులు ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మూడో వారం సంఘంలో అందరూ వద్దన్నారు. "ఈ ఎండకు పోతే తిరిగి రావు దీనమ్మా," అన్నారు. ఆమె నవ్వి మోపు ఎత్తమంది. ఆ రోజు మోపులో ఒకటే చీపురుంది. అంతకంటే మోసే ఓపిక లేదు.

గురవమ్మ సగం పోసింది. పోస్తూ ముసలమ్మ కాళ్ళ వంక చూసి, "తాగవే తల్లీ, నా మాటిని ఇక్కడే తాగవే," అని బతిమాలింది. దీనమ్మ తల అడ్డంగా ఊపి సందులోకి అడుగు పెట్టింది. అటు గడప చేరలేదు. సందు నడుమ కూలిపోయింది. పడుతూ కూడా బుర్ర ఒలకనివ్వలేదు, రెండు చేతులతో పొట్టకు హత్తుకుంది.

గురవమ్మ గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. ముసలమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. "సుబ్బులూ! ఓ సుబ్బులూ! ముసల్ది పోతంది, నీళ్ళు తేవే!" అని కేకేసింది. పుట్టిన కాడి నుంచి ఎదురెదురు ఇళ్ళలో ఉన్నారా, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్నది ఆ రోజే.

సుబ్బులు తలుపు తీసింది. ముంతతో సందులోకొచ్చింది. ఒక్క క్షణం నిలబడింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని బుర్ర మూతి మీద ముంత వంచింది. గురవమ్మ నీళ్ళ మీద సుబ్బులు నీళ్ళు పడ్డాయి. బుర్ర నిండింది.

దీనమ్మ మూడు గుక్కలు తాగింది. మొదటి గుక్కకు కళ్ళు తెరిచింది. రెండో గుక్కకు ఇద్దరినీ చూసింది. మూడో గుక్కకు బుర్ర వాళ్ళ వైపు జరిపింది.

"తియ్యగున్నయి. మిగిలినయి మీరు తాగండి తల్లీ," అంది. అంతే. మళ్ళీ మాట్లాడలేదు.

ఆ బుర్ర వాళ్ళిద్దరి నడుమ ఉంది. రెండు గూడేల జనం సందుకు రెండు పక్కలా నిలబడి చూస్తున్నారు.  గురవమ్మ ఏడుస్తూనే బుర్ర ఎత్తి తాగింది. చెయ్యి చాచి సుబ్బులుకిచ్చింది. సుబ్బులు తాగింది.

తర్వాత ఆమెను ఎక్కడ పూడ్చాలన్న మాట వచ్చింది. ఎగువ స్మశానంలోనా, దిగువ స్మశానంలోనా? ఆమె ఏ గూడెందో చివరిదాకా చెప్పనే లేదు. పడినచోటనే పూడ్చుదామన్నారు. సందులో ఆ పక్క నుంచి వాళ్ళు, ఈ పక్క నుంచి వీళ్ళు గుంత తవ్వారు. ఆ రెండు గూడేలు కలిసి చేసిన మొదటి పని అదే.

కబురందుకుని గమలియేలు బండి కట్టుకుని వచ్చాడు. రెండు పాకలకని కొట్టించి అప్పటికే ఎక్కించి ఉంచిన గుంజలు బండి నిండా ఉన్నాయి. ఆయన కొత్త మట్టి చూశాడు, పక్కనే కలిసి కూర్చున్న రెండు గూడేలను చూశాడు. బండి దిగి ఆ మట్టి ముందు సాగిలపడ్డాడు.

"అమ్మా, నీకు వచ్చిన కథ నాకు రాలేదమ్మా," అని పసివాడిలా ఏడ్చాడు.

రెండు పాకల గుంజలతో ఆ సందులోనే ఒకటే పాక వేశారు. దానికి రెండు తలుపులు పెట్టారు. ఒకటి ఎగువకు తెరుచుకుంటుంది, ఒకటి దిగువకు తెరుచుకుంటుంది. మోపులో మిగిలిన ఆ ఒక్క చీపురుతో ఒక ఆదివారం గురవమ్మ ఊడ్చింది, ఒక ఆదివారం సుబ్బులు ఊడ్చింది.

ఆ పాక పోయి పెంకులొచ్చాయి. దీనమ్మ మట్టి మీద సొరతీగ పెట్టారు. ఏటా ఒక కాయ కొయ్యకుండా తీగకే ఎండనిస్తారు. ఆ బుర్రను రెండు తలుపుల నడుమ వేలాడదీస్తారు. సంఘంలో ఇద్దరికి మాట పట్టింపు వస్తే పెద్దలు తీర్పులు చెప్పరు. బుర్ర దించి ఇద్దరినీ చెరి సగం పొయ్యమంటారు.

కొత్త ఊళ్ళో సంఘం పెట్టడానికి ఎవరైనా బయల్దేరితే, ఏం తీసుకుపోతున్నావని ఆ సీమలో ఇప్పటికీ ఎవరూ అడగరు. ఆ బుర్ర దించి, సంఘంలో అందరికంటే ముసలి ఆడమనిషి చేతికిస్తారు. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుంది. లోపల ఒక్క చుక్క చప్పుడు వినబడినా తీసుకెళ్ళి సొరతీగ మొదట్లో వంపేస్తుంది. మళ్ళీ ఊపి చూస్తుంది. ఏ చప్పుడూ లేదనుకున్నాకే బయల్దేరేవాళ్ళ భుజాన తగిలిస్తుంది.

"ఇక పోయి అడగండి నాయనా," అంటుంది.