ఊపిరాడని నెమలి కంప్యూటర్

చింతలకోన అడవిలో నెమళ్ళు, అడవికోళ్ళు, ఉడుతలు, చెదపురుగులు కలిసిమెలిసి ఉండేవి. కోనలో ఓ జలపాతం ఉంది. అవి దాని కింద చక్రం తిప్పి కరెంటు పుట్టించుకునేవి. ఆ కరెంటుతో కంప్యూటర్లు నడిపి ఆటలాడుకునేవి.

ఏటా ఎండాకాలం చివర్లో 'మబ్బుల పరుగు' అనే ఆటలో పోటీ జరిగేది. బహుమతి ఒక్కటే. తొలకరి చినుకు పడగానే కోనలోని నున్నబండ ఎక్కి, అందరికన్నా ముందు నాట్యమాడే హక్కు గెలిచినవాళ్ళది.

నీలాంబరం అనే నెమలి మనసంతా ఆ బండ మీదే ఉంది. బండకి ఎదురుగా ఉన్న కొమ్మ మీద సుకేశి అనే ఆడ నెమలి కూర్చుంటుంది మరి. సుకేశి చూస్తుండగా తొలి చినుకులో పురి విప్పాలి. కళ్ళు మూసినా తెరిచినా అదే కల.

"నా కంప్యూటర్ నాలాగే మెరవాలి" అనుకుంది నీలాంబరం. కంప్యూటర్ డబ్బాకి ముందూ పక్కనా ఆరు ఫ్యాన్లు బిగించింది. ఆరూ గాలిని లోపలికి తోసేవే. ఆరింటికీ రంగు దీపాలు. వెనకా పైనా ఉన్న చిల్లులు చూడ్డానికి బాగాలేవని వాటి నిండా తన ఈకలు గుచ్చింది.

అటుగా వెళ్తున్న ముసలి చెదపురుగు పుట్టవ్వ ఆగింది. "ఒరే నీలాంబరం, గాలి లోపలికి వస్తోంది సరే, పోయేదెటురా?"

"పోవడమెందుకవ్వా? చల్లగాలి ఎంత ఉంటే అంత మంచిదేగా!"

"లోపల వేడెక్కాక అది చల్లగాలి ఎలా అవుతుంది నాయనా? మా పుట్ట చూడు. అడుగు నుంచి చల్లదనం వస్తుంది, పై కన్నాల్లోంచి వేడి పోతుంది. ఆ ఈకలు తీసెయ్. వెనక ఓ ఫ్యాన్ బయటికి తిప్పు."

"కట్టెలు కొరికేవాళ్ళు నాకు కంప్యూటర్ నేర్పుతారా!" అని నీలాంబరం పకపకా నవ్వింది.

పక్కనే జేగురు అనే అడవికోడి ఈ మాటలు వింది. దాని డబ్బా పాతది, ఓ మూల సొట్ట పడింది. "అవ్వా, నాకున్నవి రెండే ఫ్యాన్లు. ఎట్టా పెట్టను?"

"ముందువైపు కింద ఒకటి లోపలికి, వెనక పైన ఒకటి బయటికి. జాలీ మీద దుమ్ము దులుపు. డబ్బాని రాతికి ఆనించకు, జానెడు ఎడం ఉంచు."

జేగురు అలాగే చేసింది.

పోటీ రోజు ఎండ మండిపోతోంది. మొదటి నాలుగు చుట్లూ నీలాంబరమే ముందు. సుకేశి మెడ చాచి చూస్తోంది. ఆ చూపుకే నీలాంబరం గుండె ఝల్లుమంది.

అయిదో చుట్టులో ఫ్యాన్లు తేనెటీగల్లా హోరెత్తాయి. తెర మీద బొమ్మ ఆగి ఆగి కదిలింది. నీలాంబరం డబ్బాని తాకి చూసింది. కాలిపోతోంది! పుట్టవ్వ మాట గుర్తొచ్చింది. ముక్కు ఈకల దాకా వెళ్ళింది.

'సుకేశి చూస్తోంది. ఇప్పుడు పీకితే బోడిగా కనబడదూ?' ముక్కు వెనక్కి వచ్చేసింది.

ఆ మరుక్షణమే తెర నల్లబడింది. వేడికి తాళలేక కంప్యూటర్ ఆగిపోయింది.

"ఏం బావా, మబ్బుల్లో దారి తప్పావా?" అంది ఓ ఉడుత. అందరూ గొల్లున నవ్వారు. జేగురు మాత్రం తలెత్తకుండా ఆడి చివరి చుట్టు పూర్తి చేసి గెలిచింది.

మూడో రోజు తొలకరి వచ్చింది. బండ మీద జేగురు రెక్కలు టపటపలాడిస్తూ గెంతింది. కొమ్మ మీద సుకేశి ఆ గెంతులకి తాళం వేసింది.

నీలాంబరం చెట్టు చాటున తన కంప్యూటర్ ముందు కూర్చుంది. దాన్ని ఆన్ చేసి, కాసేపయ్యాక మొదటి ఈక పీకింది. లోపలి నుంచి వేడి గాలి దాని మొహానికి కొట్టింది.

"ఇంత వేడి దాచుకున్నావా?" అంది మెల్లగా. తర్వాత రెండో ఈక పీకింది.

నీతి: వేడి బయటికి పోయే దారి మూసేస్తే, ఎంత చల్లగాలి తోసినా ఫలితం ఉండదు. సోకు కోసం మంచి మాటని తోసేస్తే, కోరుకున్నదే చేజారిపోతుంది.