గడప మీద పలకలు

అమలాపురంలో ఒక మేడ మీద వాటాలో ఉమామహేశ్ అనే ఒట్టి తొందరమనిషి ఉండేవాడు. అన్నం ఉడికిందో లేదో అని మాటిమాటికీ మూత తీసి చూసి, చివరికి పలుకు మెతుకులే తినే రకం.

అలాంటివాడికి కూతురు పుట్టింది. పేరు శ్రీనిక. పురిటివాసన పోకముందే ఖరీదైన తొట్టిమంచం తెచ్చాడు. పాప చీర ఉయ్యాల్లో తప్ప పడుకోనంది. తొట్టిమంచంలో ఉతికిన బట్టలు పడుకున్నాయి. అయినా అతనికి బుద్ధి రాలేదు. అన్న కొడుకు ఏడాది నిండకుండానే అడుగులేశాడని వాళ్ళింట్లో అరిసెలు పంచారు. తన కూతురు అంతకన్నా ముందే నడవాలని, పాప ఇంకా పాకుతుండగానే చక్రాల వాకర్ కొనుక్కొచ్చాడు.

"అడుగులు ఎప్పుడెయ్యాలో పిల్లలకే తెలుస్తుంది బాబూ. పాకనివ్వండి," అంది అత్తగారు వరలక్ష్మమ్మ.

"ఆ కాలం వేరు అత్తయ్యగారూ!" అని నవ్వేశాడు.

వాకర్లో కూర్చోబెట్టగానే పాప కాళ్ళతో నేలను తన్ని గదంతా చుట్టేసింది. కానీ గుమ్మం దగ్గర గడపకు తగిలి ఆగిపోయింది. ఏడుపు లంకించుకుంది. ఉమామహేశ్ ఊరుకుంటాడా? అటక మీది చెక్క పలకలు దించి గడపకు అటూ ఇటూ ఏటవాలుగా పరిచాడు.

"గడప ఊరికే పెట్టలేదు బాబూ! అవతల మెట్లున్నాయి."

"నేను చూస్తూనే ఉంటాను కదండీ!"

మర్నాడు పొద్దున అతని భార్య హిమజ స్నానానికి వెళ్ళింది. అత్తగారు డాబా మీద వడియాలు పెడుతోంది. ఉమామహేశ్ పాపను వాకర్లో కూర్చోబెట్టి, వీడియో తీసి అన్నకు పంపాలని ఫోను కోసం లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గదిలో పాప లేదు.

వరండాలోంచి చక్రాల చప్పుడు వినబడింది. వాననీళ్ళు పోవడానికి ఆ వరండా గచ్చు మెట్ల వైపు వాలుగా వేశారు.

"తల్లీ! ఆగమ్మా!" అని అరుస్తూ పరుగెత్తాడు. నాన్న ఆడిస్తున్నాడనుకుంది పాప. కిలకిలా నవ్వి ఇంకా గట్టిగా తన్నింది. ముందు చక్రం మెట్టు అంచు దాటి గాలిలో వేలాడింది. వాకర్ ఒరిగింది. పాప కాలి మునివేళ్ళు మాత్రం నేలకు ఆని ఉన్నాయి.

తను ఇంకొక్క అడుగు వేస్తే పాప మళ్ళీ తంతుంది. ఆ సంగతి అర్థమై ఉమామహేశ్ ఉన్నచోటే ఆగిపోయాడు. పరుగెత్తమని కాళ్ళు లాగుతున్నాయి. బుద్ధెరిగాక అతను దేనికీ ఆగి ఎరగడు. ఇప్పుడు ఆగకపోతే పిల్ల దక్కదు.

మెల్లగా నేల మీద బోర్లా పడుకున్నాడు. పాప నవ్వు ఆపి వింతగా చూసింది. అతను మోచేతుల మీద జానెడు జానెడు చొప్పున జరిగాడు. "అమ్మలూ... నాన్నని చూడు... కదలకు బంగారం," అన్నాడు. ఆ కాస్త దూరం ఎంతకీ తరగలేదు. ఇంతలో కింద వీధిలో ఎవరో హారన్ కొట్టారు. పాప అటు తిరగబోయింది. వాకర్ ఊగింది.

ఉమామహేశ్ మోకాళ్ళ మీద లేచి, చేతులు చాచి పాప నడుము పట్టుకుని పైకి ఒక్క లాగు లాగాడు. పాప వాకర్లోంచి అతని చేతుల్లోకి వచ్చింది. వాకర్ మెట్ల మీద దొర్లుకుంటూ పోయి, కింద సిమెంటు గట్టుకు కొట్టుకుని ముక్కలైంది.

ఆ చప్పుడుకు హిమజ తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. "ఏమైందండీ? పాపేదీ?" అంది.

అతను పాపను గుండెకు హత్తుకుని, కింద పడి ఉన్న ముక్కల వంక చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నా చేతులారా తోసేసేవాణ్ణి హిమా!" అన్నాడు.

పిల్లలు ఎదిగే వేళకు ఎదుగుతారు. పెద్దలు తమ తొందర తీర్చుకోవడానికి కొన్న వస్తువు పిల్లల ప్రాణాల మీదికి తెస్తుంది.