ఓబులేసు మూడో గుండు

అనగా అనగా, తుపాకి అంటే జనం ఇంకా నోరెళ్లబెట్టి చూసే కాలంలో, కోనగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని రణధీరుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ఒక ఓడ వర్తకుడు కొత్త పిస్తోళ్లు కానుకగా ఇచ్చాడు. ఆ చిట్టి తుపాకులు చూసి రాజు మురిసిపోయి, కోట కాపలాకు కొత్తగా చేరిన వాళ్లందరినీ గురి మైదానానికి పిలిపించి, చూడ్డానికి తానూ అక్కడే కూర్చున్నాడు.

వాళ్లలో ఓబులేసు ఒకడు. మొన్నటిదాకా మేకలు కాసినవాడు. పిస్తోలు చేతికి రాగానే దాన్ని పామును పట్టినట్టు దూరంగా పట్టుకున్నాడు. కోటలో కొలువు దొరికిందని ఊరంతా చాటి వచ్చాడాయె! పిరికివాడని గెంటేస్తే ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోతాడు?

నేర్పే జమేదారు బసవయ్య గొంతెత్తి చెప్పాడు. "ముందు గొట్టంలో తుపాకి మందు పొయ్యండి. పైన గుండు వేసి, ఇనుప పుల్లతో దట్టించండి. నేను చెయ్యి దించగానే అందరూ ఒక్కసారే మీట నొక్కాలి. పేలకుండా మిగిలిన మందు మీద మళ్లీ మందు పోశారా, గొట్టం పగిలి చెయ్యి ఊడిపోతుంది!"

ఆ చివరి మాట విని ఓబులేసు తన చేతివేళ్లు ఐదూ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.

జమేదారు చెయ్యి దిగింది. ఢాం! పిస్తోలు ఎగిరిపడింది. చెవులు గింగురుమన్నాయి. పక్కనున్న రంగప్ప మీసం మెలేసి, "ఓస్, ఇంతేనా! మా ఇంట్లో తాలింపు ఇంతకన్నా గట్టిగా పేలుతుంది" అన్నాడు. అప్పుడతని మోకాళ్లు కొట్టుకుంటున్నాయి గానీ, ఆ పొగలో ఎవరు చూశారు?

రెండోసారి ఢాం! ఓబులేసు ఒక కన్ను మూశాడు. గురి కోసమే అనుకున్నారంతా.

మూడోసారి రెండు కళ్లూ మూసేశాడు. ఢాం! కళ్లు తెరిస్తే అంతా పొగే. తన పిస్తోలు పేలిందా? చెయ్యి అదిరిందా, ఉత్తినే వణికిందా? ఎంత తలచుకున్నా తెలియలేదు.

"మళ్లీ మందు పొయ్యండి!" అన్నాడు జమేదారు.

అందరూ పోస్తున్నారు. పేలే ఉంటుందిలే అనుకున్నాడు ఓబులేసు. పేలకపోతే? నోరు విప్పితే కొలువు పోతుంది. విప్పకపోతే చెయ్యి పోతుంది, పక్కవాడి కన్నూ పోవచ్చు. భయంతో ఏడుపొచ్చినంత పనైంది. చివరికి అరిచేశాడు.

"ఆగండయ్యా! నేను భయపడి కళ్లు మూసుకున్నాను. నాది పేలిందో లేదో నాకు తెలీదు!"

మైదానమంతా గొల్లున నవ్వింది. అందరికన్నా పెద్దగా నవ్వింది రంగప్పే. జమేదారు మాత్రం నవ్వలేదు. ఓబులేసు పిస్తోలు తీసుకుని గొట్టంలోకి ఇనుప పుల్ల దించాడు. అది కొసదాకా దిగకుండా ఆగిపోయింది. మందూ గుండూ లోపలే ఉన్నాయి.

నవ్వులు ఆగిపోయాయి. రాజు లేచి నిలబడి, "ఇంకెవరైనా కళ్లు మూసుకున్నారా?" అని అడిగాడు.

అప్పుడు రంగప్ప తన పిస్తోలును మెల్లగా నేలమీద పెట్టాడు. "ప్రభూ, నేనూ మూసుకున్నాను. మళ్లీ దట్టించేశాను కూడా."

జమేదారు అందులోకి పుల్ల దించాడు. సగందాకా కూడా దిగలేదు. ఒకదానిమీద ఒకటి, రెండు గుండ్లు! రంగప్ప అక్కడే కూలబడ్డాడు. అది పగిలి ఉంటే పక్కనే నిలబడ్డది ఓబులేసే!

"భయపడనని చెప్పేవాళ్లు నా కోటలో కోకొల్లలు" అన్నాడు రాజు. "భయపడ్డానని చెప్పినవాణ్ణి ఈ రోజే చూశాను. మందుగుండు గది తాళాలు ఇకమీదట ఓబులేసు దగ్గరే ఉంటాయి."

ఓబులేసు వణికే చేత్తోనే ఆ తాళాలు అందుకున్నాడు.

భయాన్ని దాచుకున్నవాడు తనకూ పక్కవాడికీ ముప్పు తెస్తాడు; భయపడ్డానని ఒప్పుకున్నవాడు ఇద్దరినీ కాపాడతాడు.